తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?

అత్తగారి మాటల్ని ఉన్నదున్నట్టు ఈ ఊరి భాషలోకి మారిస్తే ఆసుపత్రిలో ఒక్క పూట కూడా నెగ్గుకురాలేమని కోడలికి వచ్చిన రోజే తెలిసిపోయింది. పెద్దావిడకు ఇక్కడి భాష ముక్క రాదు, అయినా నోరు ఊరుకోదు. డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే, నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా అంటుంది. కోడలు దాన్ని ధన్యవాదాలుగా మార్చి సరిపెడుతుంది. నర్సును పట్టుకుని పెళ్ళయిందా, పిల్లలెందరు అని ఆరా తీస్తే, శుభోదయం చెబుతున్నారని గట్టెక్కిస్తుంది. తన తెలివికి తనే మురిసిపోయేది కూడా, పిచ్చిది.

ఆ ఉదయం అత్తగారి కడుపులో రాళ్ళు తీసే ఆపరేషన్. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ముందే చెప్పారు. చక్రాల మంచం మీదికి ఎక్కించాక నర్సు, ఈమె ఏమైనా తిన్నదేమో అడగమంది. కోడలు అడిగింది.

"తిన్నానమ్మా. నువ్వు తిన్నావా?" అంది అత్తగారు నవ్వుతూ.

కోడలికీ నవ్వొచ్చింది. ఎవరడిగినా ఆవిడ జవాబు ఇదే. ఎదుటివాళ్ళకు శ్రమ ఎందుకని, కడుపు కాలుతున్నా తిన్నానంటుంది. ఇంట్లో కూర తక్కువైన రోజుల్లోనూ నాకయింది, మీరు కానివ్వండి అనేది. మళ్ళీ అడిగినవాళ్ళు లేరు. మర్యాదకు అన్న మాటను మార్చి చెప్పడం ఎంతసేపు? కోడలు తడుముకోకుండా, ఏమీ తినలేదట అని నర్సుతో చెప్పేసింది.

నర్సు మంచం తోసుకుంటూ, మంచిది, తిని ఉంటే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికొస్తుంది అంటూ వెళ్ళిపోయింది. వెనకాల ఆపరేషన్ గది తలుపు మూసుకుంది.

కోడలు ఆ తలుపు వంకే చూసింది. ఒకవేళ ఆవిడ నిజమే చెప్పిందేమో! ఛ, అత్తయ్య సంగతి తనకు తెలీదూ? తెలుసు, అయినా తమ గదిలోకి పరిగెత్తుకెళ్ళి చూస్తే, ఆవిడ దిండు పక్కన బిస్కెట్ నలుసులున్నాయి. పక్క మంచం మీదావిడ సైగలు చేసి, తనే పెట్టానన్నట్టు సంతోషంగా తలాడించింది.

వెనక్కి పరిగెత్తి తలుపు దబదబా బాదింది. లోపలినుంచి వచ్చిన మనిషి కసిరాడు. సిగ్గు పడే వేళ కాదది. ఆవిడ తిన్నానంది, తినలేదని నేనే మార్చి చెప్పాను, ఆపండి అంటూ ఏడ్చేసింది. నర్సు ఆమెకేసి చూసిన చూపు చాలాకాలం మర్చిపోలేనిది. అప్పటికింకా మత్తు ఇవ్వలేదు. ఆపరేషన్ మర్నాటికి వాయిదా వేశారు.

మంచం మళ్ళీ గదికి వచ్చింది. దుప్పటి కప్పుతూ, తినొద్దని చెప్పాను కదా అత్తయ్యా అని నిలదీసింది కోడలు.

"చేతిలో పెట్టి తినమంటే ఎట్లా కాదంటానమ్మా, పాపం. భోజనం కాదు కదా అనుకున్నా. అయినా అడిగితే దాచలేదే? తిన్నాననే చెప్పాను."

"మర్యాదకు అన్నారేమో అనుకున్నాను."

పెద్దావిడ కోడలి మొహంలోకి చూసింది. "అయితే నీకు తెలుసన్నమాట," అంది నెమ్మదిగా. "ఇంట్లో నాకయిందన్నప్పుడల్లా, కాలేదని."

అబద్ధాన్ని ఇన్నేళ్ళు నమ్మినట్టు నటించిన కోడలు, నిజం చెప్పిన ఒక్క పూట నమ్మలేదు.

సాయంత్రం క్యాంటీన్ నుంచి పళ్ళెం తెచ్చి మంచం పక్కన కూర్చుంది.

"తిన్నారా అత్తయ్యా?"

"ఆఁ, అయిం..." ఆవిడ ఆగింది. కోడలు లేవలేదు, ముద్ద కలుపుతూ కూర్చుంది.

"లేదమ్మా," అంది అత్తగారు. "ఆకలేస్తోంది."