కస్టమర్ సంతృప్తి చెందారు

సర్వీసు సెంటర్లో కౌంటరు వెనకున్న అమ్మాయి తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పేదాకా, నా లాప్‌టాప్ బాగుపడకపోవడానికి సగం కారణం మా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు.

నాది ఇంట్లో కూర్చుని చేసే పని. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక నోటితో చెప్పి రికార్డు చేసి పంపిస్తారు. అది విని రిపోర్టుగా టైపు చెయ్యాలి. చెవుల్లో ఒక డాక్టరు ఎవరిదో ఎడమ ఊపిరితిత్తి గురించి గడగడా మాట్లాడుతుంటాడు, నా వేళ్ళు ఆయన వెనకాల పరిగెడుతుంటాయి, ఉన్నట్టుండి తెర నల్లగా అయిపోతుంది. ముందు ఒక మాటా పలుకూ ఉండదు. మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగని నంగనాచిలా తెరుచుకుంటుంది. రోగుల వివరాలు కాబట్టి, రిపోర్టు పూర్తిచేసి పంపేదాకా ఏదీ అందులో దాచుకోనివ్వరు. అంటే అప్పటిదాకా కొట్టిందంతా గంగలో కలిసినట్టే. మళ్ళీ మొదటినుంచీ అదే డాక్టరు, అదే ఊపిరితిత్తి.

కొని ఏడాది కూడా కాలేదు. మొదట బ్యాటరీ అన్నారు, మార్చారు. తర్వాత చార్జరన్నారు. ఆ తర్వాత లోపలి బోర్డే మార్చేశామన్నారు. మెకానిక్ ఇంటికే వచ్చి, భోజనాల బల్ల మీద దాని పొట్ట విప్పి, మళ్ళీ మూసి, బాగైపోయిందని వెళ్ళేవాడు. అతనున్నంతసేపూ అది చక్కగా పనిచేసేది. డాక్టరు గుమ్మం తొక్కగానే పన్నునొప్పి మాయమైనట్టు. అతను మెట్లు దిగాక ఒకటి రెండు రోజులు ఊరించి, తర్వాత మళ్ళీ మామూలే.

ఇంతలో మా ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది. కోప్పడలేదు, అందుకే భయం వేసింది. "మీ పని బాగుంటుందండీ. కానీ ఎప్పుడొస్తుందో తెలియని పనిని నేనేం చేసుకోను? ఈ నెలలో నమ్మకమైన మిషన్ చూసుకోండి. లేకపోతే మీ ఫైళ్ళు వేరేవాళ్ళకివ్వక తప్పదు" అంది.

కొత్తది కొనే స్తోమత లేదు. ఉన్నదల్లా వారంటీ కాగితం. ఒకే లోపం మూడుసార్లు బాగుచేశాక కూడా తిరిగొస్తే వస్తువునే మార్చి ఇస్తామని అందులో స్పష్టంగా ఉంది. అది పట్టుకునే సర్వీసు సెంటరుకి వెళ్ళాను.

"మీవి అన్నీ క్లోజ్ అయిపోయాయి మేడమ్" అంది కౌంటరు అమ్మాయి, తెర తిప్పి. "ప్రతి కంప్లైంటు కిందా చూడండి, 'కస్టమర్ సంతృప్తి చెందారు' అని. ఐదేసి స్టార్లు."

"ఎవరిచ్చారమ్మా స్టార్లు? నేనివ్వలేదే!"

"సార్ ఇచ్చారు. ఇక్కడ రాశారు కూడా." ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ చదివింది. "మెకానిక్ చాలా మర్యాదస్తుడు. ఎండనపడి వచ్చినా విసుక్కోలేదు. ధన్యవాదాలు."

అది మా ఆయన మాటే. వేలిముద్ర కూడా అంత గట్టిగా పట్టివ్వదు.

లాప్‌టాప్ ఆయన పేరున కొన్నాం, మెసేజీలు ఆయన ఫోనుకే వస్తాయి. పని ముగించి వెళ్ళేముందు మెకానిక్ ఆయన్ని గుమ్మం దగ్గరికి పిలిచి ఫోనుకొచ్చిన ఒక నెంబరు అడుగుతుండేవాడు. వచ్చాడని రుజువుకేమో అనుకున్నాను. ఆ నెంబరు చెబితే బాగుపడిందని ఒప్పుకున్నట్టేనట. తర్వాత అదే లోపం తిరిగొచ్చినా అది పాతది కాదు, సరికొత్త కంప్లైంటు. అలా ఎన్నిసార్లు చెడినా లెక్కప్రకారం నా లాప్‌టాప్ ఒక్కసారే చెడింది.

"వినియోగదారుల కోర్టుకి వెళ్తాను" అన్నాను. గొంతులో బలం లేదని నాకే తెలుస్తోంది.

"వెళ్ళొచ్చు మేడమ్, అది మీ హక్కు. కాకపోతే మావాళ్ళు అక్కడా ఇదే చూపిస్తారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మళ్ళీ కంప్లైంటు పెట్టండి. ఈసారి మాత్రం నెంబరివ్వకండి. క్లోజ్ కాకపోతే సూపర్‌వైజరు దగ్గరికెళ్తుంది. మార్చమని రాసే అధికారం ఆయనకే ఉంది."

మా ఆయన చెప్పుల దుకాణంలో సేల్స్‌మన్. రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని జనం కాళ్ళకి చెప్పులు తొడిగి, నచ్చకపోతే విప్పి, మళ్ళీ తొడుగుతాడు. కాదనడం ఆయనకి చేతకాదు. వీధిలో దారి అడిగినవాడిని ఇంటిదాకా దిగబెట్టి వస్తాడు. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఈయన ఆడపుట్టుక పుట్టి ఉంటే ఏమయ్యేదోనని మా అత్తగారే అనేది.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగాను.

"ఎందుకిచ్చారండీ ఆ నెంబరు?"

"అడిగాడు."

"అడిగితే ఇచ్చేస్తారా?"

"ఇవ్వకపోతే ఆ రోజు అతని జీతంలో కోస్తారట. పాపం, అంత బరువు సంచీ వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. నేనూ అటువైపు నిలబడేవాణ్ణే కదా, నాకు తెలుసు ఆ బాధ. మళ్ళీ చెడితే మళ్ళీ వస్తానన్నాడు. వస్తున్నాడుగా!"

"మరి నా ఉద్యోగం పోతే?"

ఆయన చొక్కా బొత్తాం సర్దుకున్నాడు. తర్వాత, "నువ్వంటే మనింటి మనిషివి. సర్దుకుంటావనుకున్నాను" అన్నాడు.

తల్లికి తిండి పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఇన్నేళ్ళూ ఆయన మంచితనం చూసి మురిసిపోయినదాన్నే. ఆ మంచితనానికి సరుకు నా దగ్గర్నుంచి వెళ్తోందని ఆ క్షణాన తెలిసింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. దాచుకోలేదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, నేల చూపులు చూస్తూ. "పైగా అది ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మేడమ్ బాగా అలిసిపోయి ఏదో మీట నొక్కేస్తున్నారేమో సార్ అన్నాడు మెకానిక్."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"నిజమేననుకున్నారా?"

ఆయన చూపు నేల మీంచి లేవలేదు. నేను వెళ్ళి చెప్పులు విప్పుకున్నాను. దెబ్బలాడటానికి కూడా ఓపిక కావాలి కదా.

మళ్ళీ కంప్లైంటు పెట్టాను. ఈసారి నెంబరివ్వొద్దని ఆయన్ని బతిమాలాను. మా ఆయన సెలవు రోజున ఆ మెకానిక్కే వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. కళ్ళకింద నల్లటి చారలు, చొక్కా వీపున సంచీ పట్టీల చెమట గుర్తులు. మా ఆయన మంచినీళ్ళిచ్చాడు, ఫ్యాను అతనివైపు తిప్పాడు. మెకానిక్ విప్పాడు, దులిపాడు, ఏవో పరీక్షలు పెట్టాడు. "అంతా బాగానే ఉంది మేడమ్" అన్నాడు.

"సరే. నేను దీంట్లో పని చేసుకుంటాను. ఆగేదాకా మీరు కూర్చోండి" అన్నాను.

అతను మా ఆయన వంక చూశాడు, మా ఆయన గోడ వంక చూశాడు. చివరికి కూర్చున్నాడు.

ఆ పూటంత నిక్కచ్చిగా ఆ లాప్‌టాప్ ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఒక రిపోర్టు అయింది, ఇంకొకటి అయింది. ఎవరి మోకాలో, ఎవరి మూత్రపిండమో, అన్నీ సాఫీగా వెళ్ళిపోయాయి. ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు అని లోపల మొక్కుకుంటూ టైపు చేశాను. ఇన్నాళ్ళూ ఆగొద్దని మొక్కినది నేనే. మెకానిక్ ఫోను మోగుతూనే ఉంది, ఎక్కడున్నావని. వస్తున్నా, వస్తున్నా అంటూ కాసేపటికి కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయాడు. మా ఆయన లేచి, ఎండ అతని మొహం మీద పడకుండా కిటికీ తెర లాగాడు. నాకు ఒళ్ళు మండింది. అంతలోనే జాలీ వేసింది. ఆ గదిలో ముగ్గురమూ అలిసిపోయిన వాళ్ళమే.

మెలకువ వచ్చాక మెకానిక్ లాప్‌టాప్ వంక చూశాడు. "బాగానే ఉంది కదా మేడమ్?"

నేను చెవుల్లోవి తీసేశాను. నెంబరివ్వొద్దని మా ఆయన్ని మళ్ళీ బతిమాలాలనిపించలేదు. నాలుగేళ్ళ పిల్లాడికి చెప్పినట్టు ప్రతిదీ చెప్పి చేయించుకోవాలంటే ఇక నా వల్ల కాదనిపించింది. ఇచ్చుకుంటే ఇచ్చుకోనీ.

ఆయన ఫోను టింగుమంది.

"సార్, ఆ నెంబరు" అన్నాడు మెకానిక్.

మా ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఈసారికి ఇవ్వలేను బాబూ."

"సార్?"

"ఏమనుకోకు. ఇవ్వలేను."

మెకానిక్ మొహం వాడిపోయింది. పాత సంగతులన్నీ మళ్ళీ చెప్పాడు, జీతం కోత, ఇంట్లో చంటిపిల్ల. మా ఆయన ప్రతిదానికీ తల ఊపుతూ విన్నాడు, చెమటలు కక్కుతూ. వేసవిలో కూడా అంత చెమట పట్టే మనిషి కాదు. చివరికి మెకానిక్ సూపర్‌వైజరుకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఏంటి సార్ సమస్య? మావాడు సరిగ్గా చెయ్యలేదా?" అంది అవతలి గొంతు. "చెప్పండి, వెంటనే చర్య తీసుకుంటాం."

"అయ్యో, లేదండీ. అతను బాగానే చేశాడు."

"అయితే మీరు సంతృప్తి చెందినట్టే కదా సార్. నెంబరు చెప్పెయ్యండి."

అప్పుడర్థమైంది నాకు కిటుకు. మనిషిని మెచ్చుకోవాలంటే మిషన్నీ మెచ్చుకోవాలి, మిషన్ని తప్పుపట్టాలంటే మనిషి పొట్ట కొట్టాలి. మధ్యదారి లేకుండా చేసిపెట్టుకున్నారు. మనం కంపెనీకి రాసిచ్చిన వారంటీ మన మొహమాటమే, దానికి గడువు కూడా లేదు.

మా ఆయన పెదాలు తడుపుకున్నాడు. "మనిషి మంచివాడండీ. మీరిచ్చిన వస్తువు మంచిది కాదు. రెండూ కలపకండి. అతని జీతం కోస్తే మాత్రం నేనే అక్కడికొచ్చి చెబుతాను. వస్తువు మార్చండి."

"ఇప్పుడు పనిచేస్తోందట కదా సార్?"

"చేస్తోంది."

"ఆగిపోవడం మీరు చూశారా? ఒక్కసారైనా?"

మెకానిక్ తలెత్తి చూశాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేడు.

"చూడలేదండీ."

"మరి?"

"మా ఆవిడ చెప్పింది."

"అది కాదు సార్, మీరు..."

"దాని ముందు కూర్చునేది నేను కాదండీ, ఆవిడ. ఆగిపోతోందని ఆవిడ చెప్పింది. నాకంతే చాలు. నెంబరివ్వను." ఈసారి మాట వెనక్కి తీసుకోలేదు.

అవతల ఏవో కాగితాల చప్పుడు. "సరే సార్. మార్పిడికి రాస్తున్నాను. రెండు మూడు రోజుల్లో ఫోన్ వస్తుంది" అని పెట్టేశాడు.

మా ఆయన మెకానిక్ మొహం చూడలేక, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి అవసరానికి మించి గిన్నెల చప్పుడు వినిపించింది. మెకానిక్ స్క్రూలన్నీ డబ్బాలో వేసుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, టీ కోసం ఆగకుండా గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు.

"మేడమ్" అన్నాడు నెమ్మదిగా. "ఈ మోడలువన్నీ అంతే. మా స్టోరులో ఇవే బోర్డులు గుట్టలుగా పడున్నాయి. మీకు వేసింది కూడా అలా వెనక్కొచ్చిన వాటిలోదే. మార్చేటప్పుడు వేరే మోడలు అడగండి."

"ఈ సంగతి నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి నేనేదో మీట నొక్కేస్తున్నానని ఆయనతో ఎందుకు చెప్పావు?"

"నెంబరు కావాలి కదా మేడమ్."

తిట్టాలని నోరు తెరిచాను. అతని కళ్ళకింద చారలు చూసి మూసుకున్నాను. తిట్టు వెళ్ళాల్సిన చోటు అది కాదు, వెళ్ళాల్సిన చోటికి దారి లేదు.

వంటింట్లో చప్పుడాగింది. "ఏమంటున్నాడు?" అని కేకేశాడు మా ఆయన.

చెబితే నా మాటే నిజమని రుజువయ్యేది. కానీ రుజువు లేకుండానే ఒప్పుకున్నాడు కదా ఆయన. పైగా తను నీళ్ళిచ్చి, ఫ్యాను తిప్పి, ఎండకి తెర లాగినవాడు ప్రతిసారీ తనని మోసం చేశాడని తెలిస్తే ఆ పిచ్చిమనిషి తట్టుకోలేడు.

"ఏమీ లేదండీ" అన్నాను. "వెళ్ళొస్తానంటున్నాడు."