గుట్ట మీద చీర ఉయ్యాలలు

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, నా మోకాలికి ఆనుకొని కూర్చో. ఆ పక్క గదిలో మగవాళ్లు వింటే నవ్వుతారు, అందుకే మెల్లగా చెబుతాను.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. మాదన్నపేటలో పాల వ్యాపారం చేసే మైసయ్య పెళ్లాం ఆండాలు ఒకనాడు గోడకు పిడకలు కొడుతుండగా, పక్క సందు రాహేలు వచ్చి అరుగు మీద కూర్చుంది. రాహేలు ఒక దొరసాని ఇంట్లో ఆయా.

"అక్కా, మా దొరసానితోని వికారాబాద్ గుట్టల మీదికి పోయొచ్చిన. పైదాక ఎక్కితే ఒక చెరువున్నది, అద్దమే అనుకో. ఆమె రెండు చెట్ల నడుమ వల కట్టిచ్చుకొని రాత్రంత అండ్లనే పండుకున్నది. పురుగు లేదు, పుట్ర లేదు. నేను కింద బండ మీద పన్న. మనం గూడ పోదామే!"

"మనకు వల యాడిదే?"

"చీరల్లేవా? పోరగాండ్లకు ఉయ్యాలలు కట్టి కట్టి మన చేతులరిగినయి. మనం ఎన్నడన్న పన్నమా అండ్ల?"

ఆండాలు చేయి గోడ మీదే ఆగిపోయింది. నిజమే కదా అనిపించింది. అదే సందులో ఉండే కాశమ్మ, మాణిక్యమ్మ కూడా వస్తామన్నారు. వానలు వెనకపట్టాక, నాంపల్లిలో రైలెక్కి పోదామని, జొన్నరొట్టెలూ ఉల్లికారమూ కట్టుకుపోదామని నిశ్చయించుకున్నారు. చీర బరువు ఆపుతుందో లేదో చూడాలని ఆండాలు వాళ్ల కొట్టంలోనే దూలానికి ఒకటి కట్టారు. ముందుగా మాణిక్యమ్మ ఎక్కింది. ముడి జారి దబ్బున గడ్డి మీద పడింది.

"దూలం ఇరిగిందా ఏందే?" అని కాశమ్మ అరిస్తే, "దూలం సల్లగుండ, నా నడుం సంగతి అడుగు!" అంటూ మాణిక్యమ్మ పడ్డచోటే పడి నవ్వింది. ఆండాలుకు నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

ఆ సాయంత్రం సంగతి విన్న మైసయ్య కోప్పడలేదు. అదే వచ్చిన చిక్కు. "పో, నేనొద్దంటినా? గని బర్రె నీకు తప్ప ఎవ్వలికి చేపదు. నీ చెయ్యి బంగారం" అన్నాడు. పొదుగులోకి పాలు దించడాన్నే మేము చేపడం అంటాము. తెలిసిన మనిషి పక్కన లేకపోతే బర్రె పాలన్నీ బిగబట్టేస్తుంది.

నీ చెయ్యి బంగారం. పెళ్లయిన కొత్తలో ఆ మాట విని ఆండాలు మురిసిపోయింది. చెల్లెలి కాన్పుకు పోవాలన్నప్పుడు మళ్లీ అదే మాట. తల్లి జబ్బుపడితే పొద్దున పోయి, సాయంత్రం పిండే వేళకు పరుగున తిరిగొచ్చింది. తల్లి ఆ రాత్రే పోయింది. అప్పుడు కూడా ఎవరూ కసురుకోలేదు, వద్దని ఒక్క మాటనలేదు. మెచ్చుకున్నారు, అంతే. తిడితే ఎదురు చెప్పొచ్చు, మెచ్చుకునే మనిషితో ఎట్లా కొట్లాడేది? బర్రెకు గుంజకు కట్టిన తాడుంది, కంటికి కనబడుతుంది. తనది కనబడని తాడు. గడ్డి వేస్తూ ఇదంతా ఆలోచించుకుని, చివరికి ఆండాలు నోరు విప్పింది. "నేనైతే పోత. బర్రె సంగతి నువ్వే ఆలోచించు."

మూలన కూర్చున్న అత్త బుచ్చమ్మ అప్పుడు దగ్గి, గొంతు సవరించుకుంది. "అరే మైసా, నీ చెల్లె పుట్టినప్పుడు నేను మంచంల ఉంటి. మీ బాపు నా చీర కట్టుకొని, కొంగు నెత్తి మీదికి గుంజుకొని పిండిండు. నిండ ఇచ్చింది బర్రె."

ఆండాలు చేతిలోని గడ్డి జారిపోయింది. "ఇన్నేండ్ల సంది చెప్పలేదేందత్తా?"

"నన్ను ఎవ్వలన్న ఎటన్న పోయి రమ్మన్నరా పిల్లా? అడిగినోళ్లు లేరు, చెప్పినదాన్ని గాదు."

"బస్తీల తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె అవ్వా!" అని మైసయ్య గగ్గోలు పెట్టాడు.

"బర్రె ఎవ్వలికి చెప్పదు తియ్."

మగడు మురికి చీర ఎట్లా కడతాడులే అని ఆండాలు తన ఉతికిన చీర తీసి ఇచ్చింది. అక్కడే పొరపాటు చేసింది. బర్రె ఒక్క తన్ను తన్నితే చెంబు ఎగిరి గోడకు తగిలింది. "జూస్తివా? నువ్వు లేకుంటే అయ్యే పని గాదు" అన్నాడు మైసయ్య, గెలిచినవాడిలా.

"ఉతికిన చీరల నువ్వెక్కడున్నవే?" అంది బుచ్చమ్మ. "ఒంటి మీదిది ఇయ్యి."

ఆండాలు లోపలికి పోయి చీర మార్చుకుని, విడిచినదాన్ని తెచ్చిచ్చింది. పేడ, చెమట, పాలు అన్నీ కలిసిన వాసన. ఆ వాసనకే మైసయ్య రాత్రిళ్లు ముక్కు మూసుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు దాన్నే నెత్తి నిండా కప్పుకుని కూర్చున్నాడు. బర్రె కొంగు వాసన చూసింది, కాళ్లు ఎడంగా పెట్టింది, చేపింది. చెంబులో నురుగు లేస్తుంటే మైసయ్య తల ఎత్తలేదు. "పోయి రా" అన్నాడు, అంతే.

వానలు వెనకపట్టగానే నలుగురూ పోయారు. గుట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. రాత్రికి చెరువు ఒడ్డున చెట్లకు, ఈసారి గట్టి ముడులతో, చీర ఉయ్యాలలు కట్టుకుని పడుకున్నారు.

తెల్లవారుజామున, పాలు పిండే వేళకు ఆండాలుకు దానంతట అదే మెలకువ వచ్చింది. వేళ్లు గాలిలో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. లేవబోయింది. చీర మెల్లగా ఊగింది. కింద చెరువు మీద పొగమంచు ఇంకా విడిపోలేదు.

పక్క ఉయ్యాలలోంచి రాహేలు అడిగింది, "లేస్తున్నవా అక్కా?"

ఆండాలు రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "లేదే. నాకిప్పుడేం పని లేదు."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం ఆమెకు అదే మొదటిసారి. మనసులో పెట్టుకో బిడ్డా. రేపు నీ బిడ్డలకు చెప్పేటప్పుడు ఊరి పేరు మరిచినా, మా నలుగురి పేర్లు మరిచినా పరవాలేదు. పొద్దెక్కేదాకా ఆమె లేవలేదని మాత్రం తప్పకుండా చెప్పు.