ఐలవ్వ మోట

ఆడది మోట తోలితే బావి ఎండిపోతుందట. ఏ బావి ఎండిందో, ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. అయినా మెట్‌పల్లి అవతల మా ఊళ్లో మగవాళ్లందరూ కళ్లారా చూసినట్టే చెప్పేవాళ్లు. అవే బావుల నీళ్లు కుండలకొద్దీ తోడి మేం నెత్తిన మోసుకొచ్చేటప్పుడు ఎందుకు ఎండలేదని అడిగితే మాత్రం నోరు మూసుకోమనేవాళ్లు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పోలీసు యాక్షన్ జరిగిన కొన్నేళ్లకు మా పక్క పొలం రాజం జ్వరమొచ్చి పోయాడు. ఆయన భార్య ఐలవ్వకు కొడుకులు లేరు, ఒక్కతే చిన్నపిల్ల. దినాలు కాగానే మరిది ఎల్లేశం కులపెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు.

“వదినె, పొలం నాకియ్యి. నీకు, పోరికి ఇంత తిండి నేను వెడ్త.”

“నా పొలంల వండిన బువ్వ నువ్వు నాకు వెట్టుడేంది ఎల్లేశం? నేనే చేస్కుంట.”

“మరి మోట ఎవలు కొడ్తరు?”

“నేనే కొడ్త.”

అందరూ పగలబడి నవ్వారు. వాళ్లలో పెద్దవాడైన లింగమూర్తి కూడా నవ్వి, “సరే తియ్యి. గీ యాసంగి వరి వండిస్తే పొలం నీదే. ఎండిందా, ఎల్లేశంది” అన్నాడు. ఆ మాట అక్కడున్న అందరూ విన్నారు. నేనూ విన్నాను.

మోట అంటే ఒంటి బలం ఒక్కటే కాదు. ఎడ్లు వాలు బాటలో దిగుతూ మోకు తాడు లాగితే నీళ్లు నిండిన తోలు తిత్తి పైకొచ్చి కాలువలో కుమ్మరిస్తుంది. తర్వాత అవే ఎడ్లు వెనక్కి అడుగులేస్తూ పైకెక్కాలి. ఇదంతా తోలేవాడి పాట మీద నడుస్తుంది. మోకు మీద కూర్చుని వాడు పాట ఎత్తుకుంటేనే ఎడ్లు దిగుతాయి, పాట మలుపు తిరిగితేనే ఆగుతాయి. రాజం ఎడ్లకు రాజం గొంతు తప్ప మరో గొంతు తెలియదు.

ఐలవ్వ అక్కడే పొరపడింది. మొగుడి గొంతు వింటేనే కదులుతాయని తన గొంతు బొంగురు చేసుకుని ఆయన పాటే పాడింది. ఎడ్లు చెవులు నిక్కించి, రాజం ఎటున్నాడా అని వెనక్కి తిరిగి వెతికాయి. ఎక్కడా కనబడకపోయేసరికి సగం బాటలో నిలబడిపోయాయి. నిండు తిత్తి గాలిలో ఊగి ఊగి నీళ్లన్నీ మళ్లీ బావిలోనే పడ్డాయి. గట్టు మీద చుట్టలు కాలుస్తూ కూర్చున్న వాళ్లకు అదొక వేడుక. “ఐలవ్వా, మీసాలు గూడ వెట్టుకో!” అని అరిచాడొకడు. ఎల్లేశం మాత్రం నవ్వలేదు. తనదే అయిపోయినట్టు పొలం వంక చూశాడు.

మర్నాటి నుంచి మా ఆయన సిద్దిరాములు తిడుతున్నా వినకుండా నేను వెళ్లి ఆమె మడులకు నీళ్లు కట్టాను. కట్టడానికి నీళ్లుంటేగా! ఒక మడి తడిసేలోపు ఇంకో మడి నెర్రెలు బాసేది. ఐలవ్వ అరచేతులు బొబ్బలెక్కి, చితికి, గుడ్డలు చుట్టుకునేది.

“ఇడిసిపెట్టక్కా. గీ లెక్కన ఎన్నటికి పారాలె?” అన్నాను ఒకనాడు, కోపం పట్టలేక.

“నిన్న సగం మడి కాడ ఆగింది. ఇయ్యాల ఒడ్డు దాక వొయ్యింది. జర ఆగరాదు అనసూర్యా” అని ఆమె నన్నే కసిరింది.

ఆ తర్వాతే ఆమె రాజం పాట మానేసింది. పొద్దున్నే విసురురాయి దగ్గర జొన్నలు విసిరేటప్పుడు పాడుకునే పాట ఎత్తుకుంది. కొట్టంలో గడ్డి నములుతూ ఆ ఎడ్లు రోజూ వినే పాటే అది. మొదట ఒక్క తిత్తి పైకొచ్చింది. తర్వాత మళ్లీ నిలబడ్డాయి. ఒకరోజు నాలుగు అడుగులు ముందుకు, మర్నాడు రెండు వెనక్కి, అలాగే నడిచింది ఆ చలికాలమంతా. రెండు మడులు ఎండి చేతికి రాకుండా పోయాయి. ఆమె వాటి గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది, ముక్కు చీదుకుంది, లేచి మళ్లీ ఎడ్లను కట్టింది. మిగతా వరి పొట్టకొచ్చింది. బావి ఎండలేదు.

ఇక ఒకటి రెండు తడులైతే కోతే అనగా ఎల్లేశం మళ్లీ పెద్దలను పిలుచుకొచ్చాడు. వాళ్లు వచ్చి కాలువలో నిలబడ్డారు.

లింగమూర్తి గొంతు సవరించుకుని, “ఐలవ్వా, గింతదాంక తెచ్చినవు, మంచిదే. గని ఆడిది మోట కొడ్తుందని సుట్టువక్కల ఊర్లు నవ్వుతున్నయి. ఇగ ఎల్లేశం కొడ్తడు, కోత గూడ ఆయినె కోస్తడు” అన్నాడు.

“మరి నువ్వు గా దినం అన్న మాటేంది పెద్దయ్యా?” అని అడిగింది ఐలవ్వ.

లింగమూర్తి ఎల్లేశం వైపు తిరిగి, “ఇగ కొట్టు” అన్నాడు. ఇంత అన్యాయమా! మాట ఇచ్చిన నోరే అది. నేనే ముందుకెళ్లి అరిచాను. సిద్దిరాములు నా రెక్క పట్టి వెనక్కి లాగాడు.

ఎల్లేశం ముల్లుకర్ర తీసుకుని మోకు మీద కూర్చున్నాడు. అన్న పాటే ఎత్తుకున్నాడు. ఎడ్లు కదల్లేదు. తోకలు మెలిపెట్టాడు, అరిచాడు, బూతులు తిట్టాడు. నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడ్డాయి. ఐలవ్వ పెదవులు బిగించి చూస్తూ ఉంది. వాడు ముల్లుతో పొడిచాడు. తెల్లెద్దు తొడ మీద నెత్తురు చిమ్మింది.

అప్పుడు కదిలింది ఐలవ్వ. కర్ర లాక్కుని బావిలోకి విసిరింది. “దిగు” అంది. వాడు దిగాడు. ఆమె కొంగుతో ఎద్దు నెత్తురు తుడిచి, మోకు మీద కూర్చుని విసురురాయి పాట అందుకుంది. ఎడ్లు వాలు బాటలోకి నడిచాయి. తిత్తి నిండుగా పైకొచ్చి కాలువలోకి ధబాల్న కుమ్మరించింది. నీళ్లు పెద్దమనుషుల ధోవతులను మోకాళ్ల దాకా తడిపేశాయి.

“పక్కకు జరుగుండ్రి పెద్దయ్యా” అంది ఐలవ్వ, పాట మధ్యలో. “నా పొలానికి నీళ్లు వోవాలె.”

లింగమూర్తి ధోవతి ఎత్తిపట్టుకుని గట్టెక్కాడు. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు కాలువ వదిలి బయటికొచ్చారు. నేను సిద్దిరాములు చెయ్యి విదిలించుకుని మడికి గండి తెరవడానికి పరుగెత్తాను.