అక్షరం లేని పెండ్లి పత్రిక

కరీంనగర్‌లో మా ప్రెస్సుకు ఎవరైనా మామూలు పని తెస్తే నాకే వింతగా ఉంటుంది. మంథని రైతొకాయన చనిపోయిన తన ఎద్దుకు సంస్మరణ పత్రిక వేయించాడు. భైంసా పత్తి వ్యాపారి ఒకాయన, అలిగిన అల్లుణ్ని పొగుడుతూ ఒకే ఒక్క కాపీ వార్తాపత్రిక అచ్చు వేయించాడు. అల్లుడు అలక మానాడట కూడా. అందుకే మార్కెట్లో కూరగాయలమ్మే కనకవ్వ వచ్చి, "ఒక్కటే పెండ్లి కార్డు గావాలె బిడ్డా, అండ్ల ఒక్క అచ్చరం గూడ ఉండొద్దు" అన్నప్పుడు నేను నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"ఎవరికవ్వా?"

"మా అక్క లసుమవ్వకు. ఆదిలాబాద్ దిక్కుంటది. దానికీ సదువు రాదు, నాకూ రాదు."

ఏడేండ్ల కింద లసుమవ్వ తన కూతురి పెండ్లి పత్రిక పంపిందట. కనకవ్వ దాన్ని ఎరువుల దుకాణం కాయితమనుకుని గూట్లో పెట్టింది. ఎవరో చదివి చెప్పేసరికి పెండ్లయి వారమైంది. అప్పటి నుంచి అక్క మాట్లాడదు, ఫోనెత్తదు. ఇప్పుడు కనకవ్వ కూతురు మంజుల పెండ్లి.

"మామూలు కార్డు పంపు. ఎవరితోనన్నా చదివించుకుంటది" అన్నాను.

"ఎవలన్న సదివి జెప్తే అది వాళ్ల మాటయితది, నేను పిలిసినట్టు గాదు. అక్క రాకుంటే నా బిడ్డ లగ్గమైనా నాకు గానట్టే" అని కొంగుతో కండ్లొత్తుకుంది.

మూడు రోజులు ఇద్దరం కూర్చున్నాం. పున్నమి చంద్రుడు, పక్కన మూడు సూర్యుడి బొమ్మలు. అంటే పున్నమి పోయిన మూడోనాడు పెండ్లి. ఆ కింద బస్సు, ఊరి గుర్తుగా కరీంనగర్ కమాన్ ద్వారం, దాని పక్కన పందిరి, బాసింగం. "సూర్యుడు గిట్లుంటడా? నూనెల గాల్చిన సకినం తీరుగున్నడు" అని నన్నే కోప్పడింది. చివర పేరుకు బదులు ఆమె పసుపు చేయి. కాగితం మీద అద్దించి స్కాన్ చేశాను.

చిటికెన వేలు సగమే పడింది. పసుపు సరిగ్గా అంటలేదనుకున్నాను. తప్పు కనబడితే ఊరుకునే మనిషిని కాను నేను. కంప్యూటర్లో ఆ వేలిని నున్నగా పూర్తి చేసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

కార్డు చూసి కనకవ్వ ముఖం మాడింది. "గీ చెయ్యెవల్ది?"

కొంగు కింద నుంచి చేయి తీసి చాపింది. చిటికెన వేలు సగమే ఉంది. మూడు రోజులు పక్కనే కూర్చుని కూడా నేను చూడలేదు.

"చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి దిగింది. అక్కనే కొంగు చింపి కట్టి, నన్నెత్తుకొని దవాఖానకు ఉరికింది. గిది జూస్తే అది నన్నెట్ల గుర్తువడ్తది?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది! సిగ్గుతో చచ్చిపోయాను. కార్డు చింపేసి, చేయి చోటు ఖాళీగా వదిలి మళ్లీ అచ్చు వేశాను. ఈసారి ఆమే పసుపు కలిపి, తన చేయి తానే అద్దింది. నేను ముట్టుకుంటే ఒట్టు. ఆ కార్డు ఆదిలాబాద్ బస్సెక్కి లసుమవ్వకు పోయింది.

పున్నమి పోయిన మూడోనాడు నేనూ పోయాను. అబద్ధమెందుకు, పెండ్లి చూడటానికి కాదు, ఆ కార్డు పనిచేసిందా లేదా చూడటానికి. కనకవ్వ తలంబ్రాలు కలుపుతూ గేటు వైపే చూస్తోంది. జీలకర్రబెల్లం వేళ దగ్గర పడింది. గేట్లో ఎవరూ లేరు. నేనే గేటు దాకా పోయి రోడ్డు చూసొచ్చాను.

అప్పుడొచ్చింది ఒక ముసలామె. చంకలో చీరె మూట, చేతిలో మా కార్డు. దాని మీద మొదటి రెండు సూర్యుడి బొమ్మలకు, రోజుకొకటి చొప్పున, బొగ్గుతో కొట్టివేతలున్నాయి. ఎవరినీ పలకరించకుండా నేరుగా కనకవ్వ దగ్గరికి పోయి చేయి పట్టుకుంది. బొటనవేలితో ఆ సగం వేలిని మెల్లగా తడిమింది.

కనకవ్వ బోరుమంది. "పత్రిక ఎవలు సదివిండ్రక్కా?"

"ఎవలెందుకు సదువుతరే? నువ్వే పిలిస్తివి గద."