ఏ అమ్మ?

బంకమట్టి పొంగదని బేకరీ మేస్త్రికి చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది. బొమ్మల టీచరు తలా ఒక ముద్ద ఇచ్చి, "మీ మనసుకి తోచింది చెయ్యండి" అంది. తక్కినవాళ్ళు పిల్లులూ కుండలూ చేసుకుంటుంటే, మేస్త్రి తన ముద్దని అరచేత్తో నొక్కి, మడిచి, తిప్పి, మళ్ళీ నొక్కి, నున్నగా బన్నులు చేశాడు. తడిగుడ్డ అడిగి తెప్పించుకుని కప్పాడు. చాలాసేపు పక్కనే కాపలా కూర్చుని, గుడ్డ ఎత్తి చూసి, టీచరు మీద విరుచుకుపడ్డాడు.

"ఈస్టు ఎవరు కొన్నారు? చచ్చిపోయిన ఈస్టు తెచ్చి నా నెత్తిన పెడతారా?"

"పొరపాటైంది మేస్త్రిగారూ. రేపు కొత్తది తెప్పిస్తాను," అంది టీచరు. అలా అనగలిగింది కాబట్టే ఆవిడంటే మేస్త్రి కూతురికి అంత ఇష్టం.

డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళు పగటిపూట కాలక్షేపానికి వచ్చే చోటు అది, లైబ్రరీ వెనక రెండు గదులు. బేకరీలో పొద్దుటి రద్దీ తగ్గాక కూతురు ఆయన్ని అక్కడ దింపుతుంది, మధ్యాహ్నం బట్టీ చల్లారాక వచ్చి తీసుకెళ్తుంది. బేకరీ ఆయన పెట్టిందే, ఇప్పుడు నడిపేది ఆమె. వీధిలో ఆయన మేస్త్రి, ఆమె చిన్నమేస్త్రి. నలభై దాటి జుట్టు నెరుస్తున్నా ఆ 'చిన్న' మాత్రం ఆమెని వదల్లేదు.

అన్నయ్య ప్రతి ఆదివారం వస్తాడు. మంచివాడే పాపం, కానీ వచ్చీ రాగానే తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని పరీక్ష మొదలుపెడతాడు. "నాన్నా, నేనెవర్ని చెప్పు?" మేస్త్రి ఎగాదిగా చూసి, "మీరెవరో మీకే తెలియకపోతే నాకేం తెలుస్తుందండీ?" అంటాడు. కన్నకొడుకుని పట్టుకుని అండీ అంటుంటే అన్నయ్య మొహం మాడిపోతుంది. చిన్నమేస్త్రి లోపలికి వెళ్ళి నవ్వు ఆపుకుంటుంది. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు. ఆయన అన్నయ్యని మర్చిపోయాడు కానీ తనని మర్చిపోలేదు. "అమ్మా, నీళ్ళివ్వు." "అమ్మా, ఎక్కడికెళ్ళావు?" రోజంతా అమ్మా, అమ్మా. పుట్టినప్పటి నుంచీ ఆయన ఆమెని పేరు పెట్టి పిలిస్తే ఒట్టు.

ఆ గర్వం ఒక గుడ్ల ట్రేతో పాటు పగిలింది.

ఒక మధ్యాహ్నం బేకరీ వెనకగదిలో మేస్త్రి ట్రే ఎత్తబోయి జారవిడిచాడు. చప్పుడు విని ఆమె పరిగెత్తుకొచ్చేసరికి పచ్చసొనలో నిలబడి, గోడకి అతుక్కుపోయి ఉన్నాడు.

"ఏం పర్లేదులే నాన్నా. కాలు పక్కకి తియ్యి," అంది.

"అమ్మా, నాన్నకి చెప్పకే," అన్నాడాయన గుసగుసగా.

ఆమెకి నవ్వొచ్చింది. నాన్నంటే ఆయనేగా! "సరే, నాన్నకి చెప్పనులే," అంది గుడ్డ పిండుతూ.

"చెప్తే బెల్టు తీస్తాడే. నువ్వే అడ్డం రావాలి."

గుడ్డ ఆమె చేతిలోనే ఉండిపోయింది. మేస్త్రి జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. మాట్లాడితే బెల్టు తీసేవాడని చెప్పుకునేది తాతయ్య గురించి. అంటే ఆయన పిలుస్తున్న అమ్మ తను కాదు. తను పుట్టకముందే పోయిన నాయనమ్మ.

కూతుర్ని అమ్మా అని పిలవడం ఎంత ముద్దో అంత మోసం అనిపించింది ఆమెకి. ఏ తండ్రైనా అలాగే పిలుస్తాడు, ఏ కొడుకైనా అలాగే పిలుస్తాడు. పిలుపు అదే ఉండి లోపలి మనిషి మారిపోతే కనిపెట్టేదెలా? నిన్న మాత్ర మింగుతూ అన్న అమ్మా ఎవరిది? మొన్న చెయ్యి పట్టుకుని అన్నది? తన పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో కూడా తెలియకుండా, ఇంకొకావిడ పిలుపుకి ఇన్నాళ్ళూ పలుకుతూ కూర్చుంది. మర్నాడు మైదా జల్లిస్తూ ఎంత ఏడ్చిందంటే పిండి ఉండలు కట్టి మళ్ళీ జల్లించాల్సి వచ్చింది.

అడిగేస్తే తేలిపోయేదే. నేనెవర్ని నాన్నా? మాట నోటిదాకా వచ్చేది. ఆదివారం నాటి అన్నయ్య మొహం గుర్తొచ్చి మింగేసేది.

ఇంతలో టీచరు లైబ్రరీ హాల్లో ఒక కార్యక్రమం పెట్టింది. పెద్దవాళ్ళు చేసిన బొమ్మలు బల్లల మీద ఉంటాయట, వాళ్ళని చూసుకునేవాళ్ళు తలా ఒక కథ చెప్పాలట.

"జబ్బు లక్షణాలు గోడకి అంటిస్తే ఎవరూ చదవరు. మీ ఇంట్లో జరిగింది చెప్తే వింటారు," అంది.

"నాకు పిండి కలపడం వచ్చు గానీ కథలు రావండీ."

"మొన్న నాతో చెప్పావే, ఆ గుడ్ల సంగతి చెప్పు, చాలు."

"అది చెప్తే ఏడుస్తాను."

"ఏడువు. మైకు తడిస్తే తుడుచుకుంటాం."

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. బన్నులు ఉచితమని తెలిసి వచ్చినవాళ్ళే ఎక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. మేస్త్రిని ముందు వరసలో కూర్చోబెట్టారు. అన్నయ్య వెనక ఎక్కడో నిలబడ్డాడు. చిన్నమేస్త్రి మైకు పట్టుకుని మట్టి బన్నుల దగ్గర మొదలుపెట్టింది. ఈస్టు గొడవకి జనం విరగబడి నవ్వారు. ఆదివారం పరీక్ష చెప్తే అందరికంటే గట్టిగా నవ్వింది అన్నయ్యే. గుడ్ల ట్రే దగ్గరికి వచ్చేసరికి హాలు సద్దుమణిగింది.

"అమ్మా అంటే ఇప్పుడూ పలుకుతున్నాను," అంది. "కానీ ఏ అమ్మగా పలుకుతున్నానో నాకే తెలీదు. సరిదిద్దొద్దని డాక్టరుగారు చెప్పారు. మీకూ చెప్తున్నాను, మీ ఇంట్లో పెద్దవాళ్ళు మిమ్మల్ని ఇంకెవరో అనుకుంటే కసురుకోకండి. వాళ్ళు కావాలని చెయ్యరు. నేనూ కసరలేదు. కానీ... సిగ్గు విడిచి చెప్తున్నాను, నా పిలుపు నాక్కావాలని ఉంది. నేను ఆయన లోపల ఇంకా ఉన్నానో లేదో తెలియాలని ఉంది. అడగాలంటే భయం. అంతేనండీ."

చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. చాలామంది ముక్కులు తుడుచుకున్నారు.

మేస్త్రి లేచాడు. ఆయన ఒక్క ముక్క విన్నట్టు లేడు. కిటికీ బయట వెలుతురు తగ్గడం చూసి కంగారుపడుతున్నాడు. నేరుగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని గుంజాడు.

"అమ్మా, ఇంక పదవే. పొద్దుపోయింది."

"ఎక్కడికి నాన్నా?"

"ఇంటికి! పిల్ల బడి నుంచి వచ్చేసి ఉంటుంది."

"ఏ పిల్ల?" మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ రెండు మాటలూ హాలంతా వినిపించాయి.

"ఏ పిల్లేంటే, నా కూతురు!" ఆయనకి కోపం వచ్చింది. "తాళం వేసుంటే మెట్ల మీద కూర్చుంటుంది. అసలే ఆకలికి ఆగలేదు. రాగానే ఏదో ఒకటి చేతిలో పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది."

ఆమెకి అర్థమైంది. ఆయన తనని గుర్తుపట్టడం లేదు, అందులో ఇక అనుమానం లేదు. అడక్కుండానే జవాబు వచ్చేసింది. కానీ తను ఆయన దగ్గర్నుంచి ఎక్కడికీ పోలేదు. ఆకలితో, కోపంతో, మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన కంగారంతా తన కోసమే. అంత దుఃఖంలోనూ ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది.

"అయితే తొందరగా పద నాన్నా," అంది మైకు కింద పెట్టేసి. కూతురు తండ్రిని పిలిచేదీ ఆ మాటే, తల్లి కొడుకుని బుజ్జగించేదీ ఆ మాటే. ఆయన ఎలా విన్నా సరిపోతుంది.

జనం పక్కకి జరిగి దారిచ్చారు. గుమ్మం దాకా గబగబా నడిచిన మేస్త్రి ఉన్నట్టుండి ఆగి, ఆమె మొహంలోకి చూశాడు.

"అవునూ, నువ్వు దాన్ని చూడనే లేదు కదూ?" అన్నాడు సంబరంగా. "పదమ్మా, చూపిస్తాను."