ఇరవై అయిదో ప్రశ్న

"వై దిస్ యూనివర్సిటీ?" అని అడిగి లలితమ్మ తునికాకు మీద చిటికెడు తంబాకు పరిచింది. ఎదురుగా గోడకానుకుని కూర్చున్న ప్రియదర్శిని గడగడా జవాబు చెప్పేలోగా ఆకు చుట్టి, కొస మడిచి, దారం బిగించి, బీడీని చాటలో ఓ పక్కకు పెట్టింది. ప్రశ్నకొక బీడీ. ఇరవై అయిదు ప్రశ్నలయ్యేసరికి ఇరవై అయిదు బీడీల కట్ట తయారు. బాన్సువాడలోని ఆ రేకుల ఇంట్లో రెండు నెలలుగా వీసా ఇంటర్వ్యూ ఇలాగే సాగుతోంది.

లలితమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. బతుకమ్మ పాట పట్టినట్టు పిల్ల నోటి వెంట విని విని పట్టేసింది. యాభై నాలుగేళ్ళకే వీపు గూనిపడింది, బొటనవేలి గోరు అరిగి పసుపు పచ్చగా మారింది. కట్టుకున్నవాడు పెళ్ళయి ఏడాది తిరక్కుండా పోయాడు. చెల్లెలు పోతూ పోతూ మూడేళ్ళ ప్రియదర్శినిని ఒళ్ళో పెట్టింది. పిల్ల తండ్రి హరనాథబాబు బీర్కూర్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకుని, పాపం, ఇన్నేళ్ళకు కూతురు గుర్తొచ్చి చదువు అప్పుకు హామీగా చెరకు పొలం కాగితాలు ఇచ్చాడు. ఆయన లెక్కలో అదే పెద్ద దయ.

తెల్లారినప్పటి నుంచి లలితమ్మకు ఎడమ భుజం గుంజుతోంది, చెమటలు పడుతున్నాయి. వాము నమిలి ఊరుకుంది. చెబితే పిల్ల బస్సెక్కదు. ఇంటర్వ్యూ రేపు పొద్దున, హైదరాబాదులో. అది తప్పితే కాలేజీ తెరిచేలోగా ఇంకో తేదీ దొరకదని ఏజెంటు ముందే చెప్పాడు.

ఇరవై నాలుగు ప్రశ్నలూ సాఫీగా నడిచాయి. పిల్ల రోజూ తడబడేది ఆఖరి దాని దగ్గరే.

"విల్ యూ కమ్ బ్యాక్ టు ఇండియా?"

"ఎస్ సర్. మై ఫ్యామిలీ..." ప్రియదర్శిని అక్కడే ఆగింది.

"గదేందే, రోజూ గాడ్నే ఆగుతవ్?"

"ఫ్యామిలీ అంటే నాయిన, చిన్నమ్మ, తమ్ముడు అని చెప్పుమన్నడు ఏజెంట్ సారు. నీ పేరు కాయితాలల్ల లేదు పెద్దమ్మా. నువ్వు లేనట్టు జెప్పాల్నంటే నాకు నోరస్తలేదు."

లలితమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. రెండు నెలలుగా తను లేని జవాబునే తను ఒప్పజెప్పించుకుంటోందన్నమాట. ఆ నొప్పి భుజం నొప్పి కాదు.

"సారు మంచిగనే చెప్పిండు బిడ్డా. కాయితంల లేనోళ్ళు నోట్లకెందుకు? రేపు గా దొర ముంగట ఏడ్సినవనుకో, నా ఇంగ్లీషంత బూడిదల బోసిన పన్నీరే. ఇగ మళ్ళ జెప్పు."

పిల్ల ఏడుస్తూనే నవ్వింది. గొంతు వణకకుండా వచ్చేదాకా మూడుసార్లు చెప్పించి ఆ కట్ట కట్టింది లలితమ్మ.

మధ్యాహ్నం బస్టాండు దాకా వెళ్ళి బస్సెక్కించింది. ఎడమ చెయ్యి లేవలేదు, కుడిచెయ్యే ఊపింది. బస్సు మలుపు తిరిగాక కాసేపు అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చి మళ్ళీ చాట ముందేసుకుంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. మొదటి ప్రశ్న నుంచి తనే అడుగుతూ, ఎవరూ చెప్పని జవాబు కోసం కాస్త ఆగుతూ, ఒక్కో బీడీ చుట్టింది. దీపాలు పెట్టే వేళకు పక్కింటి మమత దారం ఉండ కోసం వచ్చింది. లలితమ్మ గోడకానుకుని ఉంది. పిలిచి భుజం తడితే ఒళ్ళు చల్లగా తగిలింది.

పిల్లకు ఇంటర్వ్యూ అయ్యేదాకా ఫోన్ చేయొద్దని వాడకట్టు ఆడవాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. "అక్క పానమంత గా వీసాలనే ఉండె," అంది మమత.

మర్నాడు పదకొండింటికి లలితమ్మ ఫోనే మోగింది. మమత ఎత్తి చెవికి ఆనించుకుంది.

"పెద్దమ్మా, వీసా ఇచ్చిండ్రే! మూడే అడిగిండ్రు. వాపస్ అస్తవా అంటే సారు చెప్పింది జెప్పలే. నన్ను సాదిన పెద్దమ్మ ఉన్నది, ఆమె కోసం అస్త అన్న. గొంతు గూడ వణకలే. పెద్దమ్మా... ఇంటున్నవా?"

మమత కొంగు నోట్లో కుక్కుకుంది.

చాటలో ఇరవై నాలుగు బీడీలు వరసగా ఉన్నాయి. కట్ట కట్టడానికి తెంపి పెట్టుకున్న దారం పక్కనే ఉంది.