లోపలి గడియ

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ నేను లోపల గడియ పెట్టుకున్న తలుపు ఒక్కటే. అది దొడ్లో బాత్రూం తలుపు. పడగ్గదికి గడియ ఉంది గానీ దాన్ని మా ఆయన పెడతాడు, మా ఆయనే తీస్తాడు. వంటింటికి తలుపే లేదు. దేవుడి గది తలుపు చెక్క ఉబ్బిపోయి మూతపడదు. అందువల్ల మా ఇంట్లో దేవుడిక్కూడా కాస్త తెరిపి లేదు.

దొడ్లో బాత్రూం అంటే గొప్పగా ఊహించుకోకండి. నాపరాళ్ళ నేల, రేకుల కప్పు, మూలన సిమెంటు తొట్టి, పక్కన లెట్రిన్. తలుపు మాత్రం టేకుది. ఎక్కడో పాత ఇల్లు పడగొడుతుంటే మా మామగారు కొని తెచ్చి బిగించారట. దానికి జానెడు ఇనప గడియ. లాగితే ఠక్కున పడుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, నా ఒళ్ళు తేలికవుతుంది. స్నానానికి ఎంతసేపు పడుతుంది, నాలుగు చెంబులు గుమ్మరించుకుంటే అయిపోతుంది. ఆ తరవాత తొట్టి గట్టు మీద కూర్చుంటాను. ఏమీ చెయ్యను. బయట నుంచి "ఏమే, నా బనీనేదే?" అని ఒకరు, "అమ్మా, చార్జరేదీ?" అని ఒకరు అరుస్తూనే ఉంటారు. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో వినపడనట్టు ఊరుకుంటాను.

నాదంటూ ఈ ఇంట్లో ఉన్నది అదే. ఈ మాట ఎవరికైనా చెప్పుకోగలనా? "అన్నపూర్ణకు బాత్రూంలో ఊరికే కూర్చోవడం ఇష్టమంట" అని మా గురజాల ఊరంతా నవ్విపోతుంది. అందుకే దాన్ని పడగొడతామన్న రోజు ఏమీ బయటపడకుండా అందరికీ టీ పోస్తూ నిలబడ్డాను.

అసలు మొదలైంది మా కోడలు వాసంతితో. ఆ పిల్లది విజయపురి సౌత్. నాన్న ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాడు. క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల కాబట్టి, బాత్రూం ఇంటి లోపలే ఉంటుందనుకుని పెరిగింది. మా ఇంట్లోనేమో పొద్దున్నే తువ్వాలు పట్టుకుని, వెనక వసారాలో మంచం మీద పేపరు చదివే తన మామగారి, అంటే మా ఆయన ముందు నుంచి నడవాలి. ఆయన చూసీ చూడనట్టు ఉంటాడా అంటే ఉండడు. "ఏమ్మా, బాత్రూంకా?" అని అడుగుతాడు. ప్రేమగానే అడుగుతాడు. ఆ పిల్ల రోజూ సిగ్గుతో చచ్చిపోయేది. లోపలొక బాత్రూం కట్టిద్దామని మా అబ్బాయి వెంకట సాయి అడిగితే ముందుగా సరేనన్నది నేనే. లోపల కడితే బయటది కూలుస్తారని నాకేం తెలుసు?

ఆ కూల్చే ఆలోచన వాస్తు సిద్ధాంతిది. ఆయన దొడ్డంతా ఒకసారి తిరిగి, బాత్రూం ముందు ఆగి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈశాన్యంలో మరుగుదొడ్డా! ఇన్నాళ్ళు ఎట్టా బతికారయ్యా మీరు?"

అప్పటిదాకా మేం బాగానే బతుకుతున్నామని అనుకుంటున్నాం. ఆయన ఆ మాట అనగానే మా ఆయన త్రికోటేశ్వరరావుకి కష్టాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. తనకి హెర్నియా ఆపరేషనైంది దానివల్లే. ట్రాక్టరు కాలవలో పడింది దానివల్లే. మిరపతోటకి నల్లపురుగు పట్టింది దానివల్లే. సాయి ఇంటర్‌లో లెక్కలు తప్పడానిక్కూడా మా లెట్రినే కారణమని తేలింది. వాడు ఆ మాట పట్టుకుని చానాళ్ళు మురిసిపోయాడు.

"పడగొట్టేద్దాం. ఆ జాగాలో కారు షెడ్డు వేసుకోవచ్చు" అన్నాడు మా ఆయన. మాకు కారు లేదు.

మర్నాడు తాపీమేస్త్రీ శౌరిని పిలిచారు. మా వీధివాడే, నన్ను అక్కా అంటాడు, మా ఆయన్ని బాబాయ్ అంటాడు. ఆ వరస ఎలా కుదిరిందని ఎవరూ అడగరు. ఇంటి నడిమధ్యలో వడ్లు పోసుకునే పాత గది ఉంది. దాన్నే బాత్రూం చేద్దామని నిర్ణయించారు. రాతి గోడలు, బయటి గాలి తగిలే వైపే లేదు.

"బాబాయ్, గాలి పోయే ఫ్యాను ఎటు పెట్టమంటావు?" అన్నాడు శౌరి.

ఒకవైపు దేవుడి గది. ఇంకోవైపు మా పడగ్గది, అటు వద్దని సిద్ధాంతి చెప్పాడు. వంటింటి వైపు పెడితే పొయ్యి ముట్టించనని నేను చెప్పాను. మిగిలింది హాలు.

"హాల్లోకే పెట్టరా. పైన ఎక్కడో ఉంటది, ఎవురికి కనపడుద్ది?"

"కనపడకపోయినా వినపడుద్ది గదా బాబాయ్."

"టీవీ సౌండు పెంచుకుంటాంలే" అన్నాడు మా ఆయన. ఆ సమస్య అంతటితో తీరిపోయింది.

ఇక తలుపు సంగతి. బెల్లంకొండలో మా ఆయన మేనమామ ఒకాయన బాత్రూంలో జారిపడితే, లోపల గడియ ఉండేసరికి గొడ్డలితో తలుపు నరకాల్సి వచ్చింది. ఆయనకి కాలు బెణికిందంతే. తలుపు మాత్రం పోయింది. "మనింట్లో గడియ గిడియ వద్దు" అని మా ఆయన తీర్పిచ్చేశాడు. దానికి మా సాయి ఫోన్లో చూసి ఉపాయం చెప్పాడు. పక్కకి జరిగే ప్లాస్టిక్ తలుపు. దానిపైన ఒక లైటు. లోపల మనిషుంటే ఎర్రగా, లేకపోతే పచ్చగా వెలుగుతుంది. లోపలి దీపం కూడా మనిషి కదలికను బట్టి దానంతటదే వెలిగి, దానంతటదే ఆరిపోతుంది.

"కదలకపోతే?" అన్నాను.

"కదలకపోతే లేనట్టే. బాత్రూంలో కదలకుండా ఎవరు కూర్చుంటారమ్మా?"

నేను కూర్చుంటానురా, అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దానికి బదులు నోటికొచ్చిన కారణాలన్నీ చెప్పాను. మామగారు కట్టించింది, ఉండనివ్వండి అన్నాను. ఆయన కట్టించిన పశువుల కొట్టం కూడా తీసేశాం గదా అన్నారు. చుట్టాలొస్తే రెండుండాలి అన్నాను. మనింటికి చుట్టాలెక్కడొస్తున్నారే, నీ మాటలకి జడిసి రావడం మానేశారు అన్నాడు మా ఆయన. నిజానికి ఆ బాత్రూం ఉంచడానికి తిరుగులేని కారణం ఒకటుంది. ఏటా చేసే పని మనిషికి గుర్తుండదు కాబట్టి అది ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అప్పటికి చేలో మిరప ఇంకా పూత మీదే ఉంది.

వడ్ల గది బాత్రూమైంది. గోడలకి నీలం టైల్సు, వాటి మీద ఎగిరే డాల్ఫిన్లు. కృష్ణానది పక్కనే బతికే మాకు డాల్ఫిన్లెందుకో సాయికే తెలియాలి. వాసంతి మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది, అందుకు నాకూ సంతోషమే వేసింది. నేనూ ఒకరోజు ధైర్యం చేసి అందులోకి పోయాను. స్నానం చేసి, చీర చుట్టుకుని, కమోడు మూత వేసి దాని మీద కూర్చున్నాను. పాత అలవాటు. కాసేపటికి దీపం ఆరిపోయింది. చీకటైతే మాత్రమేం, బాగానే ఉందనుకునేలోపు తలుపు సర్రున జరిగింది. బయట పచ్చలైటు చూసి వచ్చేశాడు మా ఆయన.

"ఏందే చీకట్లో? నా కళ్ళజోడు చూశావా?"

ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి దొడ్లో బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను.

మిరప కోతలై, కాయలు కల్లంలో ఎండి, బస్తాలకెత్తే రోజులొచ్చాయి. అప్పుడు దిగాడు శౌరి బయటి బాత్రూం పడగొట్టడానికి. తెల్లారే వచ్చి కుళాయి ఊడదీసి, పైపు కోసేసి, రేపు గోడలు కూలుస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రమే వాసంతి అమ్మానాన్నలు కొత్త బాత్రూం చూడ్డానికి వచ్చారు. వియ్యంకుడు డాల్ఫిన్లను తడిమి చూసి, పచ్చలైటు ఎర్రలైటు ఆట నాలుగుసార్లు ఆడి, హాల్లో కూర్చుని జంతికలు తింటున్నాడు.

మా ఆయన కల్లం నుంచి వచ్చాడు. బస్తాలో కాయలు అణగాలంటే మనిషి అందులో దిగి తొక్కాలి. పొద్దుటి నుంచీ ఆ తొక్కుడే తొక్కాడు. అలా వచ్చిన మనిషి ఇంట్లోకి రాడు. ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ రాడు. వెనక గేటు నుంచి వచ్చి, బట్టలు దొడ్లోనే విడిచి, చన్నీళ్ళతో స్నానం చేసి అప్పుడు గడప తొక్కుతాడు. మా ఆయన కూడా అలవాటు ప్రకారం దొడ్లోకే పోయాడు. కుళాయి లేదు. పైపు లేదు. ఒళ్ళంతా భగభగమంటోంది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, వియ్యాలవారి మధ్య నుంచి విసవిసా నడిచి డాల్ఫిన్ల గదిలో దూరాడు.

వియ్యపురాలు మొదట తుమ్మింది. మర్యాదగా, కొంగు అడ్డం పెట్టుకుని. ఈలోగా లోపల మా ఆయన హడావిడిగా తిప్పింది వేణ్ణీళ్ళ కుళాయి. మిరప ఘాటు పట్టిన ఒంటి మీద వేణ్ణీళ్ళు పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు, ఆయనే చెప్పాడు. ఆ అరుపుకి జంతికల పళ్ళెం కింద పడింది. ఆవిరి లేచింది. విడిచిన బట్టల్లోని ఘాటు, ఒంటి మీది ఘాటు ఆ ఆవిరితో కలిశాయి. శౌరి పెట్టిన ఫ్యాను దాన్నంతా చక్కగా తోడి హాల్లోకి పోసింది. అందరికీ దగ్గు, తుమ్ములు, కళ్ళ నీళ్ళు. వియ్యంకుడు చెప్పులు లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. వాసంతి ముక్కు మూసుకుని ఫ్యాను స్విచ్చి కోసం వెతుకుతోంది. చివరికి తలుపు జరిగి, చిన్న తువ్వాలు చుట్టుకుని, మిరపపండులా ఎర్రబడి మా ఆయన బయటికొచ్చాడు.

"పెరుగు! ఏమే, పెరుగు తీసుకురా!"

గిన్నెడు పెరుగు వంటికి పూశాను. నవ్వు ఆపుకోవడానికి పడిన కష్టం పురిటి నొప్పులప్పుడు కూడా పడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ప్రకటించాడు. "బయటి బాత్రూం పడగొట్టేది లేదు."

"ఈశాన్యం గదా నాన్నా?" అన్నాడు సాయి.

"ఈశాన్యం నా ఒళ్ళు మండినప్పుడు వచ్చి ఊదుద్దా? శౌరిని పిలిచి కుళాయి బిగించమను. ఇంకనుంచి అది నాది."

మొదటి మాటకి నా ప్రాణం లేచొచ్చింది. చివరి మాటకి మళ్ళీ పోయింది. ఆయన అన్నంత పనీ చేశాడు. మర్నాటికల్లా అక్కడ ఆయన కొక్కెం, ఆయన సబ్బు, ఆయన గెడ్డం గీసుకునే అద్దం. కల్లం లేని రోజుల్లో కూడా అక్కడే. నేనెప్పుడెళ్ళినా లోపల పాట వినిపించేది. నేను కాపాడుకోవాలనుకున్నది మిగిలింది, నాకు మాత్రం మిగల్లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక చింతపండు మీద చూపించి, పులుసు పాడుచేశాను.

ఆ పులుసు నోట్లో పెట్టుకుని, ఏమైందని ముగ్గురూ నన్నడిగారు. సరే, అడిగారు కదా అని చెప్పేశాను.

"నాకు లోపల గడియ ఉన్న తలుపు కావాలి."

"ఎందుకే? ఎవురొస్తారు నీ దగ్గరికి?" అన్నాడు మా ఆయన.

"మీరే వస్తారు. కళ్ళజోడు కోసం వస్తారు, బనీను కోసం వస్తారు. నాకు స్నానమయ్యాక కాసేపు ఊరికే కూర్చోవాలి. ఎవురూ పిలవకూడదు. నాకేం పనిలేక కాదు, పని ఎక్కువై. ఇన్నేళ్ళ బట్టీ అదే నా జాగా. దాన్ని మీరు తీసుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే నేనే బాధపడకుండా ఉండేదాన్నేమో. వాసంతి తల వంచుకుని కంచంలో గీతలు గీసింది.

"లోపల జారిపడితేనో?" అన్నాడు మా ఆయన, కాస్త మెత్తగా.

"పడితే గొడ్డలి తెచ్చి తలుపు నరకండి. బెల్లంకొండాయన బతికే ఉన్నాడుగా?"

ఆయన ఇంకేదో అనబోయాడు. "మామయ్యా, మీ కంచంలో పులుసు అట్టాగే ఉంది" అంది వాసంతి. ఆయన నోరు మూసుకుని పులుసు తిన్నాడు.

నేను కబురు పెట్టిన శౌరి తెల్లారి వచ్చేసరికి స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే దొడ్లో నిలబడి ఉన్నాను. టేకు తలుపు గడియతో సహా ఊడదీయించాను. డాల్ఫిన్ల గది ప్లాస్టిక్ తలుపు తీసేసి, దాని జాగాలో ఈ టేకు తలుపు బిగించమన్నాను. వాడు తలుపు చెక్కని తట్టి చూసి, ఇట్టాంటి తలుపు ఇప్పుడెక్కడ దొరుకుద్దక్కా అన్నాడు.

"మరి నా బాత్రూంకి తలుపేదే?" అని మా ఆయన వసారాలోంచి కేకేశాడు.

"కల్లంలో బస్తాల మీద కప్పే నీలం పట్ట ఉందిగా. కట్టుకోండి."

ఇప్పుడు పొద్దున్నే లోపలి బాత్రూం ముందు వాసంతికి వదిలేస్తాను. అందరూ అయ్యాక నేను పోతాను. రాతి గోడలు మందంగా ఉండబట్టి అరుపులు సగమే వినిపిస్తాయి. ఇందాకే స్నానమైంది. గడియ ఠక్కున పడింది. కూర్చున్నాను. దీపం ఆరిపోయింది. బయట పచ్చలైటు వెలిగే ఉంటుంది, ఎవరో తలుపు నెట్టారు. గడియ కదల్లేదు. దూరంగా దొడ్లోంచి మా ఆయన గొంతు. గాలికి పట్ట ఎగిరిపోయిందట, తువ్వాలు కావాలట, తొందరగా కావాలట.

తలుపు అవతల వాసంతి నవ్వు ఆపుకుంటూ చెబుతోంది. "అత్తయ్య బాత్రూంలో ఉన్నారు మామయ్యా. ఇప్పుడప్పుడే రారు."